తడి గొడుగులు ఇంకా వర్ధమానమే

వారిజకి పెళ్లై పన్నెండు రోజులైంది. ఈ పన్నెండు రోజుల్లో ఆమె కనిపెట్టిన విశేషాలు తక్కువేం కాదు. అవినాష్ దోసెని అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకి తింటాడు. బీరువాలో ఒక అర ఆమె కోసం ఖాళీ చేసి, పాత న్యూస్ పేపరు పరిచి, నాలుగు మూలలా కలరా ఉండలు పెట్టి మరీ అప్పగించాడు. ఇద్దరే ఉన్నప్పుడు అతన్ని నువ్వు అనొచ్చు, అత్తగారు గదిలోకి వస్తే మాత్రం ఆ వాక్యం పూర్తయ్యేలోపు మీరు అయిపోవాలి. ఇవన్నీ ఆమెకి పండగలాగే ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద పండగ, ఈ ఆదివారం ఇద్దరూ కలిసి తడి గొడుగుల్ని చూడబోవడం.

తడి గొడుగులంటే విశాఖపట్నంలో ఒక రాక్ బ్యాండు. ఉన్నది నలుగురే. సినిమా పాటలు వాయించరు, వాళ్ల పాటలు వాళ్లే రాసుకుంటారు. పెళ్లిచూపుల రోజు పెద్దవాళ్లు ఇద్దర్నీ బాల్కనీలోకి పంపి మాట్లాడుకోమంటే, ఏం అడగాలో తెలీక అవినాష్ ఏ పాటలు వింటారని అడిగాడు. ఈయనకేం తెలుస్తుందిలే అనుకుని వారిజ తడి గొడుగులు అంది. అతను వెంటనే వాళ్ల పాటలో ముక్కే అందుకుని, "కిటికీ సీటు నీదే" అన్నాడు. "గాలి మాత్రం సగం నాకు" అంది వారిజ. లోపలికొచ్చి ఇద్దరూ మాకిష్టమే అనేశారు. పెద్దవాళ్లు ఇప్పటికీ అది జాతకాల మహిమే అనుకుంటున్నారు.

ఆ పాట పాత రికార్డింగుని ఫోన్లో, చెరో చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని వినడమే గానీ, బ్యాండు ఎదురుగా నిలబడి గొంతెత్తి కలిసి పాడడం ఇద్దరికీ ఇంతవరకు కుదరలేదు. వారిజకున్న కోరిక అదొక్కటే. బొబ్బిలిలో పెరిగిన పిల్ల కాబట్టి, టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి పాడితే సరిపోతుందనుకుంది.

ఎనిమిదేళ్ల కిందట ఎవరో పెద్దాయన ఏదో సభలో, ఎదిగొస్తున్న చిన్న కళాకారుల్ని మనం కాపాడుకోవాలి అన్నాడు. అనేసి ఆయన భోజనానికి వెళ్లిపోయాడు. ఆ మాట మాత్రం అక్కడే ఉండిపోయి, దానికి ముందు ఒక కమిటీ, తర్వాత ఒక భవనం, ఆపైన ఒక నిబంధనావళి పుట్టుకొచ్చాయి. అదే వర్ధమాన సంగీత బృందాల పరిరక్షణ మండలి. చిన్న క్లబ్బుల్లో పేరున్నవాళ్లు దూరి పేరులేనివాళ్ల చోటు లాక్కోకుండా, నూరుమంది లోపు పట్టే క్లబ్బులన్నీ వర్ధమాన బృందాలకే అని మండలి శాసించింది. ఇంతవరకు బాగానే ఉంది. అయితే వర్ధమాన బృందమంటే ఎవరని ఎవరో అడిగారు. అడక్కుండా ఉండాల్సింది. "ఎదుగుచు ఉండవలెను, ఎదిగి ఉండరాదు" అని మండలి నిర్వచించింది. ఎదిగిన లక్షణాలేమిటో జాబితా రాసింది. వచ్చినవాళ్లకి పాటలు ముందే తెలిసి ఉండడం, చప్పట్లు తొమ్మిది సెకన్లు దాటడం, జనం కలిసి పాడడం. ఇలాంటివి మూడుసార్లు పట్టుబడితే ఆ బృందం ప్రసిద్ధ బృందమైపోతుంది. ప్రసిద్ధ బృందాలు ఐదువేల సీట్లకి తగ్గని స్టేడియంలోనే వాయించాలి.

అందుకని తడి గొడుగుల్ని చూడాలంటే, తడి గొడుగులంటే ఎవరో తెలియదని ముందుగా మండలి నుంచి పత్రం తెచ్చుకోవాలి. దాన్ని అపరిచయ పత్రం అంటారు, పరీక్ష పెట్టి ఇస్తారు. అవినాష్ పెళ్లికి ముందు రెండుసార్లు ఆ పరీక్షకి వెళ్లి, నవ్వు ఆపుకోలేక రెండుసార్లూ ఫెయిలయ్యాడు.

గురువారం ఇద్దరూ కలిసి వెళ్లారు. ఆదరణ పరిశీలనాధికారి కళ్లేపల్లి దక్షిణామూర్తి గారు వాళ్లని కూచోబెట్టి, చెప్పులు విప్పమన్నారు. గుడి మర్యాద కాబోలనుకుంది వారిజ. కాదు, పాట వినిపించినప్పుడు కాలివేళ్లు కదులుతాయేమో చూడ్డానికి. దక్షిణామూర్తి గారు బల్ల కిందకి వంగి చూడ్డానికి వీలుగా పక్కన చిన్న పీట కూడా వేయించుకున్నారు. ఆయన మామూలుగా ఇంట్లో ఎలా మాట్లాడతారో ఎవరికీ తెలియదు. ఆఫీసులో మాత్రం నిబంధనావళిలాగే మాట్లాడతారు.

"సదరు బృందము పేరును తమరు ఇంతకుముందు వినియున్నారా?"

"లేదండి" అంది వారిజ.

"వినియుండనిచో ఎందులకు వెళ్లగోరుచున్నారు?"

ఈ ప్రశ్న ఆమె ఊహించలేదు. అవినాష్ గొంతు సవరించుకుని, కొత్తగా పెళ్లైందండి, ఆదివారం ఎక్కడికో అక్కడికి వెళ్లాలి కదండి అన్నాడు. దక్షిణామూర్తి గారు సంతృప్తిగా తలాడించి, కారణము అన్న గడిలో 'గత్యంతరము లేక' అని రాసుకున్నారు.

తర్వాత కిటికీ సీటు పాట ముప్ఫై సెకన్లు వినిపించారు. వారిజ ఎమ్మెస్సీ వైవాలో తనని ఏడిపించిన ఎక్స్‌టర్నల్‌ని తలుచుకుంది. ఆయన బట్టతల, ఆయన దగ్గు, ఆయన అడిగిన మూడో ప్రశ్న. కాలివేళ్లు పదీ రాళ్లలా ఉన్నాయి. అవినాష్ ఏం తలుచుకున్నాడో గానీ ముఖం కందగడ్డలా చేసుకుని గట్టెక్కాడు. పీట మీద నుంచి లేచిన దక్షిణామూర్తి గారు ఇద్దరికీ కలిపి ఒకే పత్రం ఇచ్చారు. ఒకరు విన్నది రెండోవారికి తెలియకుండా ఉండదు కాబట్టి మండలి లెక్కలో దంపతులు ఒక శ్రోతేనట. ఒక శ్రోతకి ఒక కుర్చీయేనట. ఇది విని వారిజ పరీక్షలో ఆపుకున్న నవ్వంతా ఒక్కసారే నవ్వబోయి, దగ్గులోకి మార్చుకుంది.

లేవబోతుంటే ఆయన గోడ మీదున్న పట్టిక చూపించారు. అది ఆయన జీవితకాలపు కృషి. "ఎనిమిదేండ్ల క్రిందట నగరమందు వర్ధమాన బృందములు నలుబదియొకటి. నేటికిని నలుబదియొకటియే. ఒక్కటియు మన చేయి దాటి ఎదగలేదు. ఇతర నగరముల వారు అధ్యయనమునకు వచ్చుచున్నారు" అన్నారు. అంటున్నప్పుడు ఆయన కళ్లు చెమర్చాయి.

క్లబ్బు దొండపర్తిలో ప్లైవుడ్ షాపు పైన. పేరు మేడమీద. వర్ధమాన బృందాలకి కేటాయించిన సమయం మధ్యాహ్నం రెండున్నర, ఎండ మండిపోతున్నప్పుడు. సాయంత్రాలు జనం వస్తారని భయం. వారిజ మెట్లెక్కుతూ అవినాష్ చిటికెనవేలు పట్టుకుంది. పైన కుర్చీల్లో అరవై మంది మనుషులు, పంటి డాక్టరు దగ్గర టోకెను తీసుకున్నవాళ్లలా కూచుని ఉన్నారు. గోడల మీద బోర్డులు: 'చప్పట్లు తొమ్మిది సెకన్లు మాత్రమే.' 'తల ఊపరాదు.' 'ఆనందమును అదుపునందుంచుకొనుడు.' మొదటి వరసలో చేతిగడియారం, రిజిస్టరు, ఒక ఖద్దరు సంచీతో దక్షిణామూర్తి గారు.

క్లబ్బు యజమాని పైల సింహాద్రి గుమ్మం దగ్గరే నిలబడి, వచ్చిన ప్రతివాళ్లకీ చేతులు జోడించి అదే మాట చెబుతున్నాడు.

"అమ్మా, ఈ కుర్రోళ్ల మీద ఇప్పటికే రెండు మచ్చలు పడిపోనాయి. ఓపాలి ఎవుడో పదకొండు సెకన్లు చప్పట్లు కొట్టీసినాడు. మరోపాలి ఓ ఆవిడ కళ్లనీళ్లెట్టుకుంది. మూడోది పడితే ఇంక నా క్లబ్బులోనే కాదు, ఏ క్లబ్బులోనూ అడుగెట్టనివ్వరు. స్టేడియానికి తోలీస్తారు. మీకు నచ్చితే ఆ నచ్చింది ఇంటికి తీసుకుపోయి నచ్చించుకోండి తల్లీ. ఇక్కడ గమ్మునుండండి."

పోనీ బాగాలేదని అరిస్తే బ్యాండుకి మేలు చేసినట్టే కదా అని వారిజ అడిగింది. అదీ అయిందన్నాడు సింహాద్రి. నాలుగేళ్ల కిందట అభిమానులందరూ కూడబలుక్కుని, ప్రతి పాటకీ ప్రేమగా ఛీ కొట్టేవాళ్లట. వరసగా ఆరు నెలలు ఎంతో చక్కగా, ఎక్కడ కొట్టాలో అక్కడే, అందరూ ఒకేసారి ఛీ కొట్టేసరికి మండలికి అనుమానం వచ్చి, ఛీ కొట్టడం కూడా పూర్వపరిచయం కిందకే వస్తుందని సవరణ తెచ్చింది.

వారిజా అవినాష్‌లు తమ ఒక్క కుర్చీలో చెరిసగం కూచున్నారు. ఆ సంగతి మటుకు ఏ నిబంధనా చెడగొట్టలేకపోయింది.

తడి గొడుగులు వేదికెక్కారు. సింహాద్రి కుర్రోళ్లన్న ఆ నలుగురిలో ఒక్కడూ కుర్రవాడు కాదు. పాడే ప్రభుదాస్‌కి ఫోన్లో కనిపించే బొమ్మలో భుజాల దాకా జుట్టుండేది. ఇప్పుడు నడినెత్తి మెరుస్తోంది. పరవాడ మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం, మూడో క్లాసు చదివే కూతురు. ఎనిమిదేళ్లుగా ఎదుగుతూనే ఉన్నాడు, మండలి దయవల్ల ఇంకా ఎదగలేదు.

వాయించడం మొదలుపెట్టాక వారిజకి అసలు సంగతి అర్థమైంది. వాళ్లు చాలా జాగ్రత్తగా, ఎంతో సాధన చేసి, బాగోకుండా వాయిస్తున్నారు. కాలికి తాళం అలవాటవుతుందనగా డ్రమ్ములతను ఒక దెబ్బ మింగేస్తాడు. గిటారు ఎక్కడ మనసు లాగబోతుందో అక్కడ తీగ సవరించుకునే మిషతో ఆపేస్తారు. ప్రభుదాస్ జనం వైపు చూడకుండా పక్కనున్న ఫ్యాను స్విచ్చు వైపు చూసి పాడుతున్నాడు. ప్రతి పాట తర్వాతా అరవై మంది బ్యాంకులో సంతకం పెట్టినంత ఉత్సాహంగా చప్పట్లు కొట్టి, ఆరో సెకనుకే మానేస్తున్నారు. దక్షిణామూర్తి గారు మెచ్చుకోలుగా టిక్కులు పెట్టుకుంటున్నారు.

చివరికి ఆ పాట వచ్చింది. వారిజ వెంటనే ఎక్స్‌టర్నల్‌ని తలుచుకుంది. బట్టతల, దగ్గు, మూడో ప్రశ్న. అవినాష్ చెయ్యి ఆమె చేతిని నొప్పెట్టేలా పట్టుకుంది. కిటికీ సీటు నీదే, అని పాడి ప్రభుదాస్ నోరు మూసుకున్నాడు. తర్వాతి ముక్క జనం నోట్లోంచి ఎక్కడ వచ్చేస్తుందోనని, ఎనిమిదేళ్ల నుంచీ ఆ ముక్కని అతను పాడడం మానేశాడట. ఈ సంగతి వారిజకి తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది మాత్రం, గిటారు ఒక్కటే మోగుతుండగా గదిలో ఒక వాక్యం పట్టేంత ఖాళీ ఏర్పడిందని. అతను పాట మర్చిపోయాడనుకుంది. ఎవరైనా అన్నం తింటూ పొలమారితే మంచినీళ్లు అందిస్తామే, అంత మామూలుగా అందించింది.

"గాలి మాత్రం సగం నాకు."

అరవై తలలు ఇటు తిరిగాయి. వారిజకి తను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. ఆ పక్కనే అవినాష్, భార్యని ఒక్కదాన్నే ఇరికించకూడదనుకున్నాడో ఏమో, అదే ముక్క ఆమెకంటే గట్టిగా, ఆమెకంటే అపశ్రుతిగా పాడాడు. వెనక వరసలో ఎవరో మూడోవారు అందుకున్నారు. తర్వాత ఇక ఎవరు మొదలెట్టారో, ఎవరు మానేశారో చెప్పడం కష్టం. డ్రమ్ములతను మింగేసిన దెబ్బలన్నీ వడ్డీతో సహా కొట్టాడు. చప్పట్లు ఒక నిమిషం నలభై సెకన్లు. ఈ అంకె రిజిస్టరులో ఎర్ర సిరాతో ఉంది.

దక్షిణామూర్తి గారు లేచి నిలబడ్డారు. కొంపలో పీనుగు లేచినట్టుగా ఉంది ఆయన ముఖం. ఖద్దరు సంచీలోంచి నాలుగు శాలువాలు తీశారు. ఇలాంటి విపత్తు ఎప్పుడైనా రావచ్చని ఎనిమిదేళ్లుగా వెంట తిప్పుతున్న శాలువాలు, కలరా ఉండల వాసన గుప్పుమంది. నలుగురికీ కప్పి, "సదరు బృందము నేటినుండి ప్రసిద్ధమైనది. అభినందనలు. ఈ ప్రాంగణమును పది నిమిషములలో ఖాళీ చేయవలెను" అన్నారు.

మెట్ల దగ్గర ప్రభుదాస్ గిటారుకి కవరు తొడుగుతుంటే వారిజ ఎదురుగా వెళ్లి నిలబడింది. ఎలా మొదలుపెట్టాలో తెలీక, మీరు మర్చిపోయారనుకున్నానండి అంది. అతను కోప్పడలేదు.

"ఆ లైను ఇంతవరకు ఇంకొకళ్ల గొంతులో వినలేదమ్మా. సరిగ్గానే రాశానా అని అనుమానంగా ఉండేది" అన్నాడు. శాలువా మడతపెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

అతను తిట్టి ఉంటే వారిజకి ఆ రాత్రి నిద్ర పట్టేది.

స్టేడియానికి దరఖాస్తు పెట్టారు. అనుమతులు నెలలు పడతాయి గానీ తిరస్కరణలు మర్నాడే వస్తాయి. ఐదువేల మంది రాగలరని రుజువు లేనందున, ప్రసిద్ధ బృందానికి ఉండాల్సిన ప్రసిద్ధి వీరికి లేదని స్టేడియంవాళ్లు రాశారు. అయితే మళ్లీ వర్ధమానులుగా చేర్చుకోండని మండలికి వెళితే, ప్రసిద్ధి ఒకసారి సోకిన పిమ్మట తగ్గదని దక్షిణామూర్తి గారు చెప్పి పంపేశారు. పాపం ఆయన కష్టాల్లో ఆయనున్నారు. గోడ మీద పట్టికలో నలభై ఒకటి కొట్టేసి నలభై రాసినందుకు, మీ హయాంలో ఎదుగుదల ఎట్లు సంభవించినదో వివరించమని పైనుంచి నోటీసు వచ్చింది. డ్రమ్ములతని ఇంట్లో వాళ్లమ్మ డ్రమ్ముల మీద గుడ్డ పరిచి వడియాలు ఆరబెట్టింది.

వారిజ ఎవరికీ చెప్పకుండా ఒక పని మొదలుపెట్టింది. మండలి నిబంధనావళి మొత్తం రెండువందల పద్నాలుగు పేజీలు ప్రింటు తీసి, వంటింట్లో కూచుని రోజుకి పదిహేను పేజీల చొప్పున చదివింది. నవలేమిటని అత్తగారు రత్నమణి అడిగితే, అలాంటిదేనండి అంది. రెండువందల తొమ్మిదో పేజీలో ఒక వాక్యం కూరలో ఏలకులా తగిలింది. "వివాహ సంబంధమైన విందులందు వాయింపబడు సంగీతమును ఎవరును వినరు కావున, ఈ నిబంధనలు వానికి వర్తింపవు." దాని కింద చిన్న అక్షరాల్లో, వివాహమైన నలభై రోజుల వరకు విందు విందేనని ఉంది. పెళ్లై అప్పటికి ముప్ఫై ఒక్క రోజులైంది.

"అత్తయ్యగారూ" అని పిలిచింది వారిజ. రత్నమణి గారు కాదంటారేమోనని, రిసెప్షను మళ్లీ చేసుకుందామని ఒక్క గుక్కలో చెప్పేసింది. కానీ ఆవిడకి మొదటి రిసెప్షను మీద ఒక బెంగ ఉండిపోయింది. ఆ రోజు వీడియో అతను ఆవిడ కొత్త పట్టుచీర మీద ఎక్కడా కెమెరా ఆపలేదు. ఆ మాట ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేక లోపలే దాచుకుంది. మళ్లీ అంటే మళ్లీ వీడియో ఉంటుందా అని మాత్రం అడిగింది.

ముప్ఫై ఎనిమిదో రోజు మర్రిపాలెంలో ఒక ఫంక్షన్ హాల్లో పగటి విందు. వారిజా అవినాష్‌లు దండలు వేసుకుని ఎర్ర వెల్వెట్ కుర్చీల్లో కూచున్నారు. ఈసారి చెరో కుర్చీ ఇచ్చినందుకు వారిజ లోలోపల కాస్త నొచ్చుకుంది. ఒక పక్కన తడి గొడుగులు నలుగురూ, పెళ్లికి అద్దెకిచ్చే మెరుపుల కోట్లు వేసుకుని నిలబడ్డారు. మేడమీద క్లబ్బుకొచ్చే అరవై మందీ సగం మంది మగపెళ్లివారుగా, సగం మంది ఆడపెళ్లివారుగా విడిపోయి వచ్చారు. సింహాద్రి మేనమామ హోదాలో పంచె కట్టుకున్నాడు.

పన్నెండున్నరకి దక్షిణామూర్తి గారు వచ్చారు. విందు నిజమైనదా కాదా అని తనిఖీ. నిజమైన విందుకి చేతులూపుకుంటూ వెళ్లరాదు కాబట్టి, బంగారు కాగితం చుట్టిన గోడ గడియారం ఒకటి చంకలో ఉంది. దాన్ని వారిజ చేతిలో పెట్టి, అక్షతలు వేసి, ఫొటోకి నిలబడి, అప్పుడు అసలు మాట చెప్పారు.

"ఒక్కరు విన్నట్లు రుజువైనను మినహాయింపు చెల్లదు. హాలు మూయింపబడును. బృందము పేరు శాశ్వతముగా కొట్టివేయబడును."

వారిజ దండ కింద చేతులు బిగించుకుంది. పోయినసారి తన నోరు వాళ్ల క్లబ్బుని పోగొట్టింది. ఈసారి పోతే పాడుకోవడానికి ఇంక ఎక్కడా ఏమీ మిగలదు.

ప్రభుదాస్ పాడడం మొదలుపెట్టాడు. ఈసారి ఫ్యాను స్విచ్చు వైపు చూడలేదు. డ్రమ్ములతను ఏ దెబ్బా మింగలేదు. అంత బాగా వాళ్లు వాయించగలరని బహుశా వాళ్లకే తెలియదు. అరవై మందీ వేదికకి వీపు పెట్టి, చేతుల్లో ప్లేట్లతో, పులిహోర గురించీ పార్కింగు గురించీ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుకుంటూనే ప్లేట్ల మీద చెంచాలతో తాళం వేస్తున్నారు. పెళ్లిలో ప్లేట్ల చప్పుడు నేరమని రెండువందల పద్నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.

దక్షిణామూర్తి గారు రిజిస్టరు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్లి, ఇప్పుడు ఏ పాట వచ్చుచున్నదని అడిగారు. సింహాద్రి చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ఏటండీ, అప్పడాలా, ఆ చివర్న ఉన్నాయి చూడండి అన్నాడు. రత్నమణి గారైతే నటించాల్సిన అవసరం కూడా లేకపోయింది. పాటా, ఎక్కడ పాట, ముందు మీరు కాస్త పక్కకి జరగండి, వీడియోకి అడ్డం అని కసిరింది.

కిటికీ సీటు పాట వచ్చింది. ప్రభుదాస్ మొదటి ముక్క పాడి, మైకు పట్టుకుని పెళ్లికూతురి కుర్చీ దగ్గరకి నడిచొచ్చాడు. వారిజ అధికారి వైపు చూసింది. ఆయన ఇటే చూస్తున్నారు. ఈసారి పొరపాటున కాదు, పద్నాలుగు రోజులు వంటింట్లో చదువుకుని వచ్చి మరీ, దండ సర్దుకుని లేచి నిలబడింది.

"గాలి మాత్రం సగం నాకు" అని గొంతెత్తి, మొదటి నుంచి చివరిదాకా పాడింది. అవినాష్ పక్కనే నిలబడి శాయశక్తులా పాడు చేశాడు. ఫొటోగ్రాఫరు, మేడమ్ నోరు మూసి ఇటు చూడండి, ఒక్క స్మైలు అని అరుస్తూనే ఉన్నాడు. అరవై వీపులు ఒక్కటీ తిరగలేదు. అరవై వీపులూ పాడుతున్నాయి.

భోజనాలయ్యాక దక్షిణామూర్తి గారు నివేదిక రాసి, నిబంధన ప్రకారం వధూవరులకి చదివి వినిపించారు. "సంగీతము మూడు గంటల పదినిమిషములు సాగినది. వధువు తానే పాడినను ఎవరును పట్టించుకొనలేదు. విందు వాస్తవమైనది. ఎవరును వినలేదను విషయమును నిస్సందేహముగా నిర్ధారించుకొనుటకై నేను వేదికకు అతిసమీపమున, చివరి పాట వరకు నిలబడితిని. రెండు పాటలను నిర్ధారణ నిమిత్తము మరల పాడించితిని."

సంతకం పెట్టి, కలం మూత బిగించి, వెళ్లబోయి ఆగారు. పైనుంచి వచ్చిన నోటీసుకి జవాబు చెప్పేటప్పుడు కూడా ఆయన ఇంత ఇబ్బంది పడి ఉండరు.

"వివాహ సంబంధమైన విందులలోనికి సీమంతము కూడ వచ్చునని, దానికి నలుబది దినముల గడువు లేదని అనుబంధము పదకొండులో కలదు" అన్నారు నేలవైపు చూస్తూ. "తనిఖీ ఏర్పాట్ల నిమిత్తము అడుగుచున్నాను. తమరు ఎప్పటికి అనుకొనుచున్నారమ్మా?"

వారిజ అవినాష్ వైపు చూసింది. పక్కన అత్తగారున్నారు.

"మీరే చెప్పండి" అంది.